హోస్ట్‌కూ వర్చువల్ మెషీన్‌కూ మధ్య ఫైళ్లు చేరవేయడం: డీటీపీ కేంద్రాలకు ఒక పద్ధతి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వంటి ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కూర్చే డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేరు, అను అనే తెలుగు ఫాంట్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వెలువడింది 2001లో. 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపివేసింది. కొత్తగా కొన్న విండోస్ 11 కంప్యూటరులో అది సజావుగా నడుస్తుందన్న భరోసా లేదు కనుకా, ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన పాత జాబులను, అంటే కూర్పు పనులను, వదులుకోలేరు కనుకా, వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరులో విండోస్ 7ను గానీ ఎక్స్‌పీని గానీ వేసి, దానిలో పేజ్‌మేకర్‌ను నడుపుకోవడం ఇప్పుడు తెలివైన మార్గం. బల్ల మీద ఉన్న అసలు కంప్యూటరును హోస్ట్ అనీ, దాని లోపల సాఫ్ట్‌వేరుగా నడిచే కంప్యూటరును, అంటే వర్చువల్ మెషీన్‌ను, గెస్ట్ అనీ అంటారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఖాతాదారు వాట్సాప్‌లో పంపిన ఫొటోలూ మేటరూ హోస్ట్‌లో దిగుతాయి. కూర్పు గెస్ట్‌లో జరుగుతుంది. తయారైన పీడీఎఫ్ మళ్లీ హోస్ట్‌కు వచ్చి, అక్కడి నుంచి ఆఫ్‌సెట్ ప్రెస్సుకో ఫ్లెక్సీ యంత్రానికో వెళ్లాలి. అంటే ప్రతి జాబూ రెండు కంప్యూటర్ల మధ్య గోడను కనీసం రెండుసార్లు దాటుతుంది. ఆ గోడను పూర్తిగా పడగొట్టి, డీ డ్రైవ్ మొత్తాన్ని గెస్ట్‌కు తెరిచిపెట్టేవారు ఉన్నారు. అది మంచి పద్ధతి కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ముగిశాయి; విండోస్ 7కు మామూలు సవరణలు 2020 జనవరి 14తో ముగిశాయి. అటువంటి పాత వ్యవస్థలోకి వైరస్ చొరబడితే, అది అందుకోగలిగిన ప్రతి ఫోల్డరూ పాడయ్యే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఫైళ్లు దాటడానికి ఇరుకైన దారి ఒకటి వేసి, ఏ వైపు నుంచి ఏ వైపుకు ఏది వెళ్లాలో ముందే నిర్ణయించుకోవడమే ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి.

గెస్ట్ అడిషన్స్

గెస్ట్‌కు విండోస్ మాత్రమే వేసి ఊరుకుంటే దానికి హోస్ట్ ఉన్నట్టే తెలియదు. రెంటికీ మాట కలిపేవి గెస్ట్ అడిషన్స్ అనే డ్రైవర్లు. గెస్ట్‌ను ఆన్ చేసి, దాని కిటికీ పైభాగాన ఉన్న డివైసెస్ మెనూలో చివరగా కనిపించే ఇన్‌సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ అన్నదానిని నొక్కితే, గెస్ట్‌లోని మై కంప్యూటర్‌లో ఒక సీడీ కనిపిస్తుంది. దానిని తెరిచి, అందులోని విండోస్ అడిషన్స్ ప్రోగ్రామును నడిపి, గెస్ట్‌ను రీస్టార్ట్ చేయాలి. కిటికీని లాగి పెద్దది చేసినప్పుడు లోపలి తెర కూడా దానితోపాటే పెద్దదయితే పని పూర్తయినట్టే. వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడల్లా ఈ డ్రైవర్లను కూడా మళ్లీ వేసుకోవడం మంచిది. గెస్ట్ ఎక్స్‌పీ అయి, ఇవి ఎక్కడానికి మొరాయిస్తే, ఇవి లేకుండానే ఫైళ్లను లోపలికి పంపే దారి ఒకటి ఉన్నది. దానిని తరువాత వివరిస్తాను.

రెండు ఫోల్డర్లు, రెండు దిశలు

వర్చువల్‌బాక్స్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ అనే సదుపాయం హోస్ట్‌లోని ఒక ఫోల్డరును గెస్ట్‌కు చూపిస్తుంది. చాలామంది ఒక్క ఫోల్డరుతో సరిపెట్టుకుంటారు. నా సలహా రెండు. హోస్ట్ డీ డ్రైవ్‌లో మార్పిడి అనే పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, దానిలో లోపలికి అని ఒకటి, బయటకు అని మరొకటి సృష్టించండి. ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరాలతోనే పెట్టండి. తెలుగు అక్షరాలతో పెట్టిన పేర్లు హోస్ట్‌లో చక్కగా కనిపించినా, పేజ్‌మేకర్ యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలిచ్చే ప్రమాణానికి) ముందటి తరానికి చెందిన ప్రోగ్రాము కనుక, వాటి స్థానంలో ప్రశ్నార్థకాలు చూపి ఫైలును తెరవలేకపోతుంది. ఈ నియమం జాబు ఫైళ్లకూ, ఖాతాదారులు పంపే ఫొటోలకూ వర్తిస్తుంది. వాట్సాప్ నుంచి దించిన ఫొటోలకు పేర్లు మార్చేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

తరువాత వర్చువల్‌బాక్స్ ప్రధాన కిటికీలో మెషీన్‌ను ఎంచుకుని, సెట్టింగ్స్‌లోని షేర్డ్ ఫోల్డర్స్‌కు వెళ్లి, కుడివైపున ఉన్న ప్లస్ గుర్తును నొక్కండి. ఫోల్డర్ పాత్ వద్ద లోపలికి ఫోల్డరును చూపించి, రీడ్ ఓన్లీ, ఆటో మౌంట్ అనే రెండు గడుల్లోనూ టిక్కు పెట్టండి. మళ్లీ ప్లస్ నొక్కి బయటకు ఫోల్డరును చేర్చండి. దీనికి ఆటో మౌంట్ మాత్రం పెట్టి, రీడ్ ఓన్లీని ఖాళీగా వదలండి. మెషీన్ నడుస్తుండగా ఈ పని చేస్తే మేక్ పర్మనెంట్ అనే మరో గడి కూడా కనిపిస్తుంది. దానికి టిక్కు పెట్టకపోతే, మెషీన్‌ను ఆపి మళ్లీ తెరిచినప్పుడు ఫోల్డరు కనిపించదు. నిన్నటిదాకా ఉన్న ఫోల్డరు నేడు మాయమైందని వాపోయేవారు ముందుగా చూడవలసినది ఈ గడినే.

గెస్ట్‌ను రీస్టార్ట్ చేసిన తరువాత మై కంప్యూటర్‌లో ఆ రెండు ఫోల్డర్లూ నెట్‌వర్క్ డ్రైవులుగా తమ తమ డ్రైవ్ అక్షరాలతో ప్రత్యక్షమవుతాయి. కనిపించకపోతే మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో బ్రౌజ్ నొక్కి, వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్స్ అనే శీర్షిక కింద వెతకండి.

ఇలా విడదీయడం వల్ల కలిగే లాభం స్పష్టమైనది. గెస్ట్‌లో ఏ ఉపద్రవం వచ్చినా, లోపలికి ఫోల్డరులోని ఖాతాదారుల ఫైళ్లను అది చదవగలదే తప్ప చెరపలేదు, మార్చలేదు. బయటకు ఫోల్డరులో మాత్రం నష్టం జరగవచ్చు. కాబట్టి అక్కడికి వచ్చిన ఫైలును వచ్చిన వెంటనే హోస్ట్‌లోని అసలు స్థానానికి తరలించి, ఆ ఫోల్డరును ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తూ ఉండాలి. ఇంటికి వసారా ఎటువంటిదో ఈ రెండు ఫోల్డర్లు అటువంటివి. వచ్చినది అక్కడ దిగాలి, అక్కడి నుంచి కదిలిపోవాలి, అక్కడే కాపురం పెట్టకూడదు. డెస్క్‌టాప్‌ను గానీ, వన్‌డ్రైవ్‌తో ముడిపడిన ఫోల్డరును గానీ ఎన్నడూ షేర్ చేయవద్దు. వన్‌డ్రైవ్ ఫోల్డరులో చెడిపోయిన ఫైలు నిమిషాల్లో ఇంటర్నెట్‌లోని ప్రతికి కూడా ఎక్కిపోవచ్చు.

మరొక మేలు కూడా ఉన్నది. షేర్డ్ ఫోల్డర్లు వర్చువల్‌బాక్స్ సొంత మార్గంలో నడుస్తాయి. వాటికి గెస్ట్‌లో నెట్‌వర్క్ కార్డు అవసరమే లేదు. కాబట్టి సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో ఎనేబుల్ నెట్‌వర్క్ అడాప్టర్ టిక్కును తీసివేసి, పాత విండోస్‌ను ఇంటర్నెట్‌కు పూర్తిగా దూరం చేయవచ్చు. పేజ్‌మేకర్‌కు ఇంటర్నెట్‌తో పనేమీ లేదు. దీనికి బదులు విండోస్‌లోని మామూలు ఫైల్ షేరింగ్‌ను వాడుదామనుకుంటే, ఆ షేరింగ్ నడిచే ఎస్ఎంబీ అనే పద్ధతిలో ఎక్స్‌పీకి తెలిసినది మొదటి వెర్షన్ ఒక్కటే. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై వైరస్ వ్యాపించినది ఆ మొదటి వెర్షన్‌లోని లోపం ద్వారానే. విండోస్ 10లో 2017 శరదృతువులో వచ్చిన వెర్షన్ నుంచి దానిని కొత్తగా వేసే కంప్యూటర్లలో ముందుగా అమర్చడం మానివేశారు. ఎక్స్‌పీ కోసం హోస్ట్‌లో దానిని మళ్లీ తెరవమని ఎవరైనా చెబితే వినవద్దు.

జాబును మొత్తంగా కదిలించాలి

ఫైలు చేరిందంటే పని చేరిందని కాదు. పేజ్‌మేకర్ జాబులో పేజీల కూర్పును దాచే పీఎండీ ఫైలు ఒక్కటే ఉండదు; పేజీలో పెట్టిన ఫొటోలు పెద్దవైతే అవి వేరే ఫైళ్లుగానే ఉండి, పీఎండీలో వాటి చిరునామా మాత్రమే నమోదై ఉంటుంది. పీఎండీని ఒక్కదానినే దాటించినప్పుడు తెర మీద బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది గానీ, అది చూపు కోసం ఉంచిన తక్కువ నాణ్యత నకలు; అచ్చులో మాత్రం మసకబారుతుంది. రొట్టెల పండుగ ముందు రోజుల్లో ఫ్లెక్సీల పని ముమ్మరంగా ఉన్నప్పుడు ఈ తేడాను తెర మీద గమనించే తీరిక ఎవరికీ ఉండదు.

కాబట్టి ప్రతి జాబుకూ ఒక ఫోల్డరు పెట్టి, పీఎండీ, ఫొటోలు, లోగోలు అన్నీ దానిలోనే ఉంచి, ఆ ఫోల్డరును మొత్తంగా కదిలించాలి. పాత జాబు ఫొటోలు చెల్లాచెదురుగా ఉంటే, పేజ్‌మేకర్‌లో సేవ్ యాజ్ ఎంచుకున్నప్పుడు కాపీ అనే భాగంలో ఆల్ లింక్డ్ ఫైల్స్ అన్న ఎంపిక ఉంటుంది. కొత్త ఫోల్డరు చూపి దానిని ఎంచుకుంటే లింకు ఉన్న బొమ్మలన్నీ పీఎండీ పక్కకు వచ్చి చేరతాయి. ఆ తరువాత ఫైల్ మెనూలోని లింక్స్ మేనేజర్ తెరిచి, ఏ లింకైనా తెగి ఉన్నదేమో ఒక్కసారి చూసుకోవాలి.

గెస్ట్‌లో పని చేసేటప్పుడు జాబును షేర్డ్ ఫోల్డరులో నుంచే నేరుగా తెరవకండి. ముందు గెస్ట్ సొంత డ్రైవులోకి, ఉదాహరణకు సీ డ్రైవ్‌లోని జాబులు అనే ఫోల్డరులోకి, కాపీ చేసుకోండి. పేజ్‌మేకర్ పని మధ్యలో ఫైలును మాటిమాటికీ తిరగరాస్తుంది. షేర్డ్ ఫోల్డరు దానికి తగిన చోటు కాదు. పైగా అదే ఫైలును హోస్ట్‌లో మరొకరు తెరిచి ఉంచితే ఎవరి మార్పు మిగులుతుందో చెప్పలేము. లోపలికి కాపీ, లోపల పని, బయటకు కాపీ: ఈ వరుస తప్పకూడదు.

బయటకు వచ్చేటప్పుడు రెండు రావాలి. మొదటిది ప్రెస్సుకు వెళ్లే పీడీఎఫ్, రెండవది భద్రపరచుకునే జాబు ఫోల్డరు. పీడీఎఫ్‌ను గెస్ట్‌లోనే, అను ఫాంట్లు ఉన్న చోటనే, డిస్టిల్లర్ అనే పీడీఎఫ్ తయారీ ప్రోగ్రాము ద్వారా ఫాంట్లు లోపల ఇమిడేలా తయారు చేయాలి. అది హోస్ట్‌కు చేరాక, అను ఫాంట్లు లేని ఆ హోస్ట్‌లోనే తెరిచి చూడండి. ఇది చాలా విలువైన పరీక్ష. ప్రెస్సులోని కంప్యూటరుకూ మీ ఫాంట్లు ఉండకపోవచ్చు కనుక, మీ హోస్ట్‌లో అక్షరాలు సరిగా కనిపిస్తే అక్కడా కనిపిస్తాయి. అడోబీ రీడర్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్స్ పేజీలో ప్రతి ఫాంటు పేరు పక్కనా ఎంబెడెడ్ అని ఉండాలి.

క్లిప్‌బోర్డు, డ్రాగ్ అండ్ డ్రాప్

గెస్ట్ కిటికీలోకి ఫైలును మౌసుతో లాగి వదిలే సదుపాయం కూడా ఉన్నది. అది మొదట డిజేబుల్డ్‌గా ఉంటుంది. మెషీన్ నడుస్తుండగా డివైసెస్ మెనూలోనే డ్రాగ్ అండ్ డ్రాప్‌ను బైడైరెక్షనల్‌గా మార్చవచ్చు. ఒకటీ అరా చిన్న ఫొటోలకు పనికివస్తుంది. మధ్యలో ఆగిపోవడం దీనికి మామూలే కనుక, ఫోల్డర్లనూ పెద్ద ఫైళ్లనూ దీనికి అప్పగించవద్దు.

ఒకవైపు కాపీ చేసినదానిని మరోవైపు అతికించే షేర్డ్ క్లిప్‌బోర్డు విషయంలో తెలుగువారు ఒక ప్రత్యేక చిక్కును గుర్తుంచుకోవాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలను పెట్టినవి. అందువల్ల పేజ్‌మేకర్‌లో కాపీ చేసిన తెలుగు మేటరును హోస్ట్‌లోని వర్డ్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. వాట్సాప్‌లోని తెలుగు మేటరును పేజ్‌మేకర్‌లో అతికిస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. ఇది వర్చువల్‌బాక్స్ దోషం కాదు. దాని సెట్టింగులు ఎన్ని మార్చినా తీరదు. హోస్ట్‌లోనే యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టరులో మేటరును మార్చి, టెక్స్ట్ ఫైలుగా దాచి, లోపలికి ఫోల్డరు ద్వారా పంపడం నమ్మదగిన పద్ధతి. మార్చిన మేటరులో ఒత్తులనూ సంయుక్తాక్షరాలనూ ఒకసారి కంటితో సరిచూడవలసిందే. శుభలేఖలో వధూవరుల పేర్లు ఉంటాయి కదా.

పెన్‌డ్రైవ్ తెచ్చిన ఖాతాదారు

డివైసెస్ మెనూలోని యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పేరును ఎంచుకుంటే అది హోస్ట్ నుంచి విడిపోయి గెస్ట్‌కు చెందుతుంది. ఒకేసారి రెండింటికీ కనిపించదు. తిరిగి లాగేముందు గెస్ట్‌లోనే సేఫ్లీ రిమూవ్ చేయాలి. అయితే ఊరి మీద తిరిగే పెన్‌డ్రైవులను ఇలా నేరుగా గెస్ట్‌కు ఇవ్వకపోవడమే మంచిది. కొత్త సవరణలు అందే యాంటీవైరస్ హోస్ట్‌లో ఉన్నది, గెస్ట్‌లో లేదు. ఖాతాదారు పెన్‌డ్రైవ్‌ను హోస్ట్‌కు పెట్టి, స్కాన్ చేసి, కావలసిన ఫైళ్లు మాత్రమే లోపలికి ఫోల్డరులో వేయండి. పైగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులను ఎక్స్‌పీ, విడిగా సవరణ వేస్తే తప్ప, గుర్తించదు.

గెస్ట్ అడిషన్స్ లేకుండా

ఏ డ్రైవరూ లేని గెస్ట్‌కు కూడా సీడీ అంటే తెలుసు. కాబట్టి పంపదలచిన ఫైళ్లను ఒక సీడీగా చూపించవచ్చు. దీనికి అసలు సీడీ గానీ, ఐఎస్ఓ (సీడీ నకలు ఫైలు) తయారు చేసే వేరే సాఫ్ట్‌వేరు గానీ అక్కరలేదు. డివైసెస్ మెనూలోని ఆప్టికల్ డ్రైవ్స్ కింద చూజ్ ఆర్ క్రియేట్ ఏ డిస్క్ ఇమేజ్‌ను తెరిచి, క్రియేట్ నొక్కితే వీసో అనే సాధనం వస్తుంది. ఒక పక్క హోస్ట్ ఫైళ్లు, మరొక పక్క సీడీ. కావలసినవాటిని అటు చేర్చి అంగీకరిస్తే గెస్ట్‌లో సీడీ ప్రత్యక్షమవుతుంది. ఈ దారి లోపలికి మాత్రమే. దీని ద్వారా ఏదీ బయటకు రాదు. పాత ఫాంట్లను, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలరును మొదటిసారి ఎక్కించడానికి షేర్డ్ ఫోల్డరు కన్నా నేను దీనినే ఇష్టపడతాను.

లోపల ఉబుంటు ఉన్నవారికి

ఒంగోలు, నెల్లూరు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు అభ్యాసాల కోసం గెస్ట్‌లో విండోస్‌కు బదులు ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థను వేసుకుంటూ ఉంటారు. వారికి షేర్డ్ ఫోల్డరు మీడియా అనే డైరెక్టరీలో, పేరుకు ముందు ఎస్, ఎఫ్ అక్షరాలూ ఒక అండర్‌స్కోరూ చేరి కనిపిస్తుంది. తెరవబోతే అనుమతి లేదంటుంది. వీ, బీ, ఓ, ఎక్స్, ఎస్, ఎఫ్ అనే ఆరు అక్షరాల పేరు గల గ్రూపులో మీ యూజరును చేర్చి, లాగ్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అయితే ఆ అడ్డు తొలగుతుంది. ఆ ఫోల్డరులో సింబాలిక్ లింకులకు (వేరే ఫైలును చూపే గుర్తులకు) మొదట అనుమతి ఉండదు కనుక పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంటు వంటివాటిని అక్కడ కాక హోమ్ డైరెక్టరీలో సృష్టించుకోండి.

వీరికి ఒక కంప్యూటరు నుంచి మరొకదానిలోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ ఇంకా మంచి మార్గం. నెట్‌వర్క్ న్యాట్ పద్ధతిలో (గెస్ట్ హోస్ట్ చాటున ఉండి బయటకు వెళ్లే పద్ధతిలో) ఉన్నప్పుడు గెస్ట్‌కు సాధారణంగా 10.0.2.15 అనే చిరునామా వస్తుంది గానీ, హోస్ట్ నుంచి ఆ చిరునామాకు నేరుగా చేరలేము. గెస్ట్‌లో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వరు వేసి, నెట్‌వర్క్ సెట్టింగులలోని పోర్ట్ ఫార్వర్డింగ్‌లో హోస్ట్ ఐపీగా 127.0.0.1, హోస్ట్ పోర్టుగా 2222, గెస్ట్ పోర్టుగా 22 నమోదు చేయాలి. తరువాత హోస్ట్‌లో విన్ఎస్‌సీపీ అనే ఫైళ్ల బదిలీ ప్రోగ్రామును తెరిచి, 127.0.0.1 చిరునామా, 2222 పోర్టు ఇస్తే రెండు వైపుల ఫైళ్లూ పక్కపక్కన కనిపిస్తాయి. హోస్ట్ ఐపీ గడిని ఖాళీగా వదలకండి. వదిలితే హాస్టల్ వైఫైలోని ఇతరులకు కూడా ఆ తలుపు తెరుచుకునే అవకాశం ఉంటుంది.

వర్చువల్‌బాక్స్ వంటిదే అయిన వీఎంవేర్‌లో షేర్డ్ ఫోల్డర్ల సదుపాయం మెషీన్ సెట్టింగ్స్‌లోని ఆప్షన్స్ పేజీలో ఉంటుంది; రెండు ఫోల్డర్ల పద్ధతి అక్కడా యథాతథంగా పనిచేస్తుంది.

స్నాప్‌షాట్‌కు ముందు

గెస్ట్‌ను ఒక స్థితిలో భద్రపరచి, చెడిపోయినప్పుడు వెనక్కు మళ్లించే స్నాప్‌షాట్ గొప్ప సదుపాయమే. అయితే వెనక్కు మళ్లేది గెస్ట్ డిస్కు మొత్తం. సీ డ్రైవ్‌లో ఆ మధ్య చేసిన జాబులన్నీ దానితోపాటే పోతాయి. షేర్డ్ ఫోల్డర్లు హోస్ట్‌లోనివి కనుక వాటికి ఏమీ కాదు. స్నాప్‌షాట్‌ను రిస్టోర్ చేసే ముందు జాబు ఫోల్డర్లన్నిటినీ బయటకు ఫోల్డరులోకి తెచ్చుకోవడం తప్పనిసరి.

గెస్ట్ అసలు బూట్ కాని స్థితికి చేరితే కూడా ఫైళ్లు పోయినట్టు కాదు. మెషీన్ పూర్తిగా పవర్ ఆఫ్‌లో ఉందని, సేవ్డ్ స్థితిలో లేదని నిర్ధారించుకుని, హోస్ట్‌లో 7-జిప్ అనే ప్రోగ్రాము ద్వారా దాని వీడీఐ ఫైలును, అంటే గెస్ట్ డిస్కు మొత్తం ఉండే ఫైలును, తెరవండి. లోపలి విభాగాన్ని తెరిస్తే సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లు కనిపిస్తాయి. జాబులను ఎంచుకుని బయటకు తీసుకోవచ్చు. స్నాప్‌షాట్లు ఉన్న మెషీన్‌లో మాత్రం మొదటి వీడీఐలో స్నాప్‌షాట్‌కు ముందటి ఫైళ్లే ఉంటాయి, ఆ తరువాతివి దానికి అనుబంధంగా ఏర్పడిన వేరే ఫైలులో ఉంటాయి. అందుకే జాబులు నడిచే మెషీన్‌లో స్నాప్‌షాట్లను పేర్చుకుంటూ పోక, ఏదైనా కొత్త సాఫ్ట్‌వేరు వేసే ముందు ఒకటి తీసుకుని, అంతా సవ్యంగా ఉన్నదని తేలాక డిలీట్ చేయండి. డిలీట్ చేసినప్పుడు అప్పటివరకు జరిగిన పని పోదు, అనుబంధ ఫైలులోని మార్పులు డిస్కులో కలిసిపోతాయి.